బెత్తెడు సందు

మా బావ ఎక్కిన లిఫ్టుకీ, దాని మీది పైకప్పుకీ మధ్య మిగిలిన సందు ఆరేళ్లలో ఎలా కుంచించుకుపోయిందో నాకు తెలిసినంత వివరంగా ఇంకెవరికీ తెలీదు. మొదటిసారి చెప్పినప్పుడు అది మూడు మూరలు. మరుసటేడు మూరెడైంది. ఆ తరవాత జానెడు. రెండేళ్లుగా బెత్తెడు దగ్గర నిలబడింది. అంతకన్నా తగ్గితే సాక్ష్యం చెప్పడానికి మనిషే మిగలడు గనక నిలబడింది గానీ, మా బావ ఊపు చూస్తే ఇంకా తగ్గేదే.

ఒకరోజు భోజనాల దగ్గర మా అక్క ఉండబట్టలేక అడిగేసింది. "అంతా బాగానే ఉంది గానీ, ఆ బెత్తెడు సందులో మీ పొట్ట ఎక్కడ పెట్టారండీ?"

"ఊపిరి బిగబట్టాను" అన్నాడు బావ, ముద్ద కలుపుతూనే. నేను నవ్వాపుకోలేక పళ్లెం పట్టుకుని వంటింట్లోకి పోయాను.

ఇదంతా విని మా బావ అబద్ధాలకోరనుకునేరు. ఇరవై రెండేళ్లుగా లిఫ్టు మెకానిక్కు. పనిలో ఆయనంత చాదస్తుణ్ణి నేను చూడలేదు. లిఫ్టు గడపా, బయట నేలా గోరు మందం తేడాలో ఉన్నా వదలడు. "ఎవరు చూస్తారు బావా?" అంటే "చూడరు, తట్టుకుని పడతారు" అంటాడు. తనిఖీ చెయ్యకుండా కార్డు మీద సంతకం పెట్టమని పెద్దపెద్దవాళ్లే బతిమాలారు. "లోపలికెళ్లి చూసొచ్చి పెడతాను, పది నిమిషాలు ఆగండి" అనడం తప్ప ఇంకో జవాబు లేదు ఆయన దగ్గర. తాగుడు లేదు, పేకాట లేదు, పక్కచూపులు అసలే లేవు. సాతాను మా ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, ఏ తలుపూ తెరుచుకోక, చివరికి ఆయన చేతికి మైకిచ్చాడు.

మా చర్చి సంఘంలో ఆదివారం పాటలకీ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి, దేవుడు తమకేం చేశాడో చెప్పుకోవచ్చు. కోర్టు సాక్ష్యానికైతే అడ్డుప్రశ్నలు వేసే వకీలుంటాడు. మా దగ్గర "ఆమెన్" అనేవాళ్లే గానీ "అదెలాగ?" అనేవాళ్లుండరు. మా బావ జారిపడింది ఆ నున్నటి చోటే.

అసలు జరిగింది ఇదీ. ఎనిమిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు పై అంతస్తు దగ్గర ఆగాల్సిన చోట ఆగకుండా కాస్త ముందుకు పోతోందని కబురొస్తే, బావా వాళ్ల మేస్త్రీ వెళ్లారు. ఈ మేస్త్రే బావకి పని నేర్పింది. ఆ రోజు పెద్దాయనకి జలుబు. మందు వేసుకున్నాడేమో, మత్తుగా ఉందని కింద తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరూ ఎక్కకుండా కాపలా కూర్చున్నాడు. బావ ఏడో అంతస్తుకెళ్లి, తాళంతో తలుపు తీసి, లిఫ్టు పెట్టె నెత్తి మీదికెక్కాడు. ఎక్కేముందు చెయ్యి చాచి అక్కడుండే స్టాప్ స్విచ్చి నొక్కాలి. నొక్కితే ఎవరెన్ని బటన్లు కొట్టినా పెట్టె కదలదు. "ముందు చెయ్యి, తరవాత కాలు" అని మేస్త్రి వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆ రోజు బావ ముందు కాలు పెట్టాడు.

వెనకాల తలుపు మూసుకుంది. పైన ఎవరో బటన్ నొక్కారు. పెట్టె లేచింది, ఎనిమిదో అంతస్తు దాటింది, ఇంకా పోతోంది. బావ చతికిలబడి తల రెండు చేతుల్లో దాచుకున్నాడు. అప్పుడు పై చివర ఉండే లిమిట్ స్విచ్చి తగిలి, కరెంటు తెగి, పెట్టె ఆగింది. అది అలాంటి వేళకే ఉంటుంది. అంతకుముందు నెలలోనే మేస్త్రి దాన్ని విప్పి, తుడిచి, తన చేత్తో మళ్లీ బిగించాడు.

ఆగేముందు మా బావ అరిచిన మాట "ఒరేయ్ ముసలోడా, ఎవణ్ణి ఎక్కించావురా!" దానికి ముందు ఇంకో మాట ఉంది, అది నేను రాయను.

పెద్దాయన ఎనిమిదంతస్తులూ మెట్ల మీద రొప్పుకుంటూ ఎక్కొచ్చి తలుపు తీశాడు. "స్టాప్ నొక్కావా?" అని ఒకటే అడిగాడు. "నొక్కాను మేస్త్రీ" అన్నాడు బావ. మేస్త్రి స్విచ్చి వైపు చూశాడు. నొక్కి లేదు. తనే నొక్కి, చెయ్యందించి దింపాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా ఉన్నదున్నట్టు అక్కకీ నాకూ చెప్పాడు. గ్లాసులో నీళ్లన్నీ చొక్కా మీద పోసుకున్నాడు. అప్పటిదాకా చర్చిలో ఆఖరి బెంచీ మీద ఫ్యాన్లు లెక్కపెట్టుకునే మనిషి, తలుపేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. బయటికొచ్చినప్పుడు కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆ తరవాత మనిషి మారాడు. కోపం తగ్గింది, బూతులు పోయాయి, అక్కతో మాట్లాడే తీరే వేరైంది. ఆ మార్పు నిజం. దాని మీద నేను ఎక్కడైనా చెయ్యేసి చెప్తాను.

మొదటి సాక్ష్యం కూడా నిజమే, ముప్పాతిక వంతు. "నోట్లోంచి కేకొచ్చింది" అన్నాడు. ముందు బెంచీలో ఒక పెద్దావిడ "ప్రభువా అనే కదూ నాయనా!" అంది. మా బావ ఒక్క క్షణం తటపటాయించి తలూపాడు. హాలంతా హల్లెలూయాలు. అంతమంది కళ్లనీళ్లు పెట్టుకుని తన వైపే చూడటం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. లిఫ్టు బాగుచేసేవాణ్ణి ఎవరు చూస్తారు? చెడితే తిడతారు, నడిస్తే మర్చిపోతారు. నాకు ఆయన మీద జాలే వేసింది.

నా పాపం దగ్గరికొస్తాను. నేను ప్రింటింగ్ షాపులో టైపు చేస్తాను. సంఘం నెలపత్రిక కూడా నేనే కొడతాను. మూడో ఏడు బావ సాక్ష్యం దాంట్లో వేశాం. అన్నీ అయ్యాక చూస్తే పేజీలో ఒక లైను ఎక్కువైంది. ఎక్కడైనా రెండు మాటలు తీసేస్తే సరిపోతుంది. "మేస్త్రి జలుబు మందు మత్తులో కింద కూర్చున్నాడు" అని ఉంది. "జలుబు మందు" తీసేశాను. లైను సరిపోయింది. పేజీ చూడముచ్చటగా వచ్చిందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మత్తు అంటే చదివేవాళ్లు ఏమనుకుంటారు? ఆర్నెల్లు తిరక్కుండా ఇంకో సంఘంలో బావని పరిచయం చేస్తూ "తాగుబోతు మేస్త్రి నిర్లక్ష్యానికి బలైపోబోయిన సహోదరుడు" అన్నారు. బావ ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. మైకు అందుకుని జానెడు సందు గురించి మొదలుపెట్టాడు. నేను అక్కడే రెండో వరసలో కూర్చున్నాను. నాలుక్కరుచుకున్నాను, అంతే. కథ బ్రహ్మాండంగా పండుతోంటే మధ్యలో లేచి జలుబు మందు సంగతెత్తితే ఏం బాగుంటుంది అనుకున్నాను.

అలా అలా ఈ ఏడు మహాసభల్లో సాక్ష్యం చెప్పమని పిలుపొచ్చింది. ఊళ్లోకెల్లా పెద్ద హాలు, నాలుగు వేలమంది. సభల కార్యదర్శిగారు స్వయంగా ఇంటికొచ్చారు. మంచి మనిషి, పాతికేళ్లుగా ఒళ్లు దాచుకోకుండా ఆ సభలు నడిపిస్తున్నారు. "నీ సాక్ష్యం వీడియో తీసి అన్ని సంఘాలకీ పంపుతాం" అన్నారు. బావ ఆ వారమంతా నేల మీద నడవలేదు. అక్క కొత్త చొక్కా కుట్టించింది.

సభలకి నాలుగు రోజులుందనగా మేస్త్రి మా షాపుకొచ్చాడు. ఆయన్ని చూసి చాలా కాలమైంది. చేతిలో పాత సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు. "జిరాక్సు తియ్యి తల్లీ, రెండేసి" అన్నాడు.

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ?" అన్నాను.

"పని వెతుక్కోవాలిగా. చూసుకునే బిల్డింగులు మూడూ పోయాయి. నేను తాగి పనికొస్తానట." అని నవ్వాడు. "నా సంగతి నీకు తెలుసుగా. జలుబు మందు రెండు చెంచాలు తాగితే మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేను."

ఆయన కవరు అడుగునుంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మా నెలపత్రిక. ఒక బిల్డింగు కమిటీ పెద్ద దాన్ని చూపించే ఆయన్ని మానిపించాడట.

"ఇది నువ్వు కొట్టిందే కదమ్మా?" అన్నాడు. "బాగా కొట్టావు. ఒక్క అచ్చుతప్పు లేదు."

తిట్టినా బాగుండేది. జిరాక్సులు తీసి చేతికిస్తుంటే ఆయన చిల్లర కోసం జేబు తడుముకున్నాడు. వద్దండీ వద్దండీ అని నాదొక్కటే గోల.

ఆ సాయంత్రం బావ పని నుంచి రాగానే గుమ్మంలోనే చెప్పేశాను, నేను తీసేసిన రెండు మాటలతో సహా. బూట్లు విప్పుకుంటున్నవాడు ఒక బూటుతోనే ఉండిపోయాడు.

"నేను ఆయన తాగాడని ఒక్కసారీ అనలేదు" అన్నాడు.

"కాదని ఒక్కసారైనా అన్నావా?"

"మధ్యలో నీ పెత్తనమేంటి? అసలు మాట మింగింది నువ్వు!"

"అవును, నేనే. నేను కాగితం మీద మింగాను, నువ్వు మైకు ముందు మింగావు. ఇద్దరం కలిసి ఆ ముసలాయన కూడు మింగాం."

అక్క మా ఇద్దర్నీ చూసి, కొత్త చొక్కా మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. మా అక్క ఏమీ అనకపోతే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

మర్నాడు బావ కార్యదర్శిగారి దగ్గరికెళ్లాడు. ఆయన అంతా ఓపిగ్గా విని, భుజం మీద చెయ్యేసి, "మేస్త్రి దగ్గరికెళ్లి క్షమాపణ అడుగు. తప్పకుండా అడుగు. కావాలంటే నేనే ఆయనకి ఎక్కడైనా పని చూపిస్తాను. కానీ సభలో మాత్రం ఇదంతా ఎందుకు? నీ మాట విని ఎంతమంది దేవుణ్ణి నమ్ముకున్నారు! వాళ్ల విశ్వాసం ఏమవుతుంది?" అన్నారట. బావ ఇంటికొచ్చేసరికి మొహం తేటపడి ఉంది. నాకది చూసి ఒళ్లు మండింది. దారి దొరికిన మొహం అది. మేస్త్రికి పని దొరుకుతుంది, సభ జరుగుతుంది, వీడియో వస్తుంది. అందరికీ మంచే. అబద్ధం అంత మర్యాదగా మా ఇంటి కుర్చీలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పొద్దున ఇద్దరం మేస్త్రి ఇంటికెళ్లాం. ఒకటే గది, శుభ్రంగా ఉంది, గోడకి పనిముట్లు వరసగా వేలాడుతున్నాయి. బావ కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, ఆ రోజు నేను స్టాప్ నొక్కలేదు."

"తెలుసురా. చూశాగా."

"మీ మీద అంత మాట పడుతుంటే విని ఊరుకున్నాను."

"అదీ తెలుసు." పెద్దాయన మంచం మీద జరిగి చోటిచ్చాడు. "ఊరుకోరా అబ్బాయ్. నీకు మంచి జరుగుతోంది. నీ మాట విని తాగేవాళ్లు తాగుడు మానేస్తున్నారట కదా? పోనీ, నా పేరు మీద మానితే మాత్రం పోయేదేముంది? నువ్వెళ్లి చెప్పుకో. నాకేం కోపం లేదు."

అదీ అసలు పరీక్ష. కార్యదర్శిగారు సరేనన్నారు. దెబ్బ తిన్నవాడు కూడా సరేనన్నాడు. ఇక నిజం చెప్పమని మా బావని అడిగేవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు. ఆయన నుదుటి మీద చెమట చూస్తూ నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అరుదుగా చేసే పని అది. ఒక్కమాట అన్నా అది నా నిర్ణయమైపోతుంది.

బావ లేచాడు. "మేస్త్రీ, టేపు ఉందా?" అన్నాడు.

ఆ బిల్డింగు ఇప్పుడు బావే చూస్తున్నాడు. ముగ్గురం వెళ్లాం. కింద మేస్త్రి కాపలా కూర్చున్నాడు. బావ పైకెళ్లి, ముందు చెయ్యి పెట్టి, తరవాత కాలు పెట్టాడు. స్టాప్ తీసి, పైనుండే తనిఖీ బటన్లతో లిమిట్ స్విచ్చి తగిలేచోటు దాకా పెట్టెని మెల్లగా నడిపించి, కప్పు దాకా టేపు లాగాడు. నేను తలుపు దగ్గర నిలబడి కాగితం మీద రాశాను. నూట ముప్ఫై రెండు సెంటీమీటర్లు. "బెత్తెడు" అని మెల్లగా అన్నాను. బావకి నవ్వొచ్చింది. మూడు రోజుల తరవాత నవ్వడం అదే.

ఆదివారం మధ్యాహ్నం సభ. మేస్త్రి రానన్నాడు, అక్క వెళ్లి పట్టుకొచ్చింది. కార్యదర్శిగారు బావని పరిచయం చేస్తూ మళ్లీ అదే మాట అన్నారు, కాకపోతే "తాగుబోతు" తీసేసి "నిర్లక్ష్యపు మేస్త్రి" అన్నారు. పాపం, ఆయన కూడా ఒక మాట తగ్గించుకున్నారు. బావ మైకు దగ్గరికొచ్చి జేబులోంచి నా కాగితం తీశాడు.

"అయ్యా, అమ్మా, నేను ఆరేళ్లుగా చెప్తున్నదాంట్లో నాలుగు తప్పులున్నాయి" అన్నాడు. "నాకూ కప్పుకీ మధ్య మిగిలింది బెత్తెడు కాదు. నూట ముప్ఫై రెండు సెంటీమీటర్లు. నిన్న కొలిచాను. సుఖంగా కూర్చోవచ్చు. రెండు, మా మేస్త్రి తాగడు. ఆ రోజు జలుబు మందు వేసుకున్నాడు. మూడు, ఆయన నిర్లక్ష్యం చెయ్యలేదు, నేను చేశాను. నొక్కాల్సిన స్విచ్చి నొక్కకుండా ఎక్కాను. నన్ను ఆపిన స్విచ్చి బిగించింది కూడా ఆయనే."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కార్యదర్శిగారు కీబోర్డు అబ్బాయి వైపు చూసి సైగ చేశారు. పాట మొదలైంది. ముందు వరసలవాళ్లు చప్పట్లు కూడా అందుకున్నారు. మా బావ అక్కణ్ణుంచి కదల్లేదు. లిఫ్టు వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒక చరణం అయిపోయింది. రెండో చరణం ఎత్తుకునేలోపు మళ్లీ మైకు పట్టుకున్నాడు.

"ఇంకోటి మిగిలిందండీ" అన్నాడు. "నేను ఆ రోజు ప్రభువా అనలేదు. బూతు తిట్టాను. ఇదిగో, అక్కడ కూర్చున్న ఈ పెద్దాయన్నే తిట్టాను. నేను పిలిచాను గనక దేవుడు కాపాడాడని ఇన్నాళ్లూ చెప్పాను. అలా చెప్తే గొప్ప నాక్కూడా కాస్త వస్తుంది కదా. నేను పిలవలేదు. అయినా ఆపాడు. అంతే నా సాక్ష్యం."

దిగొచ్చేశాడు. ఆమెన్లు పెద్దగా రాలేదు. వచ్చినవి కూడా సందేహంగా వచ్చాయి.

వీడియో ఎవరికీ పంపలేదు. ఆ తరవాత పిలుపులూ రాలేదు. కార్యదర్శిగారు మూడు నెలలు మాతో ముభావంగానే ఉన్నారు. మేస్త్రిని మానిపించిన కమిటీ పెద్ద మర్నాడే వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాడు, ఆ బిల్డింగు తిరిగొచ్చింది. మిగతా రెండూ వేరేవాళ్ల చేతికి పోయాయి, రాలేదు. నేను నెలపత్రిక మొదటి పేజీలో సవరణ వేశాను. ఈసారి లైను ఎక్కువైతే పక్కనున్న బొమ్మ తీసేశాను.

కానీ ఆ మధ్యాహ్నం సంగతి ఇంకొకటి చెప్పాలి. హాలు మెట్ల మీద మేం ఆటో కోసం చూస్తుంటే, ఆసుపత్రి ఆయా బట్టల్లో ఉన్న ఒకావిడ గబగబా దిగొచ్చి బావ ఎదురుగా నిలబడింది. మాకెవరికీ ఆవిడ తెలీదు.

"నేను రెండేళ్ల క్రితం మీ బెత్తెడు విని నమ్ముకున్నదాన్నండీ" అంది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

కార్యదర్శిగారు భయపడింది దీనికే. బావ మొహం పాలిపోయింది గానీ, చూపు తిప్పుకోలేదు.

"అబద్ధమాడింది నేనమ్మా" అన్నాడు. "దేవుడు కాదు."

ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుంది. "మా ఆయన పెయింటరండీ. పెద్ద పెద్ద బిల్డింగులకి తాళ్ల మీద వేలాడుతూ రంగులేస్తాడు. దేవుడి పేరెత్తితే లేచి బయటికి పోతాడు. పిలిస్తేనే కదా కాపాడతాడు, మరి పిలవని ఈయన్నెవరు పట్టుకుంటారని రెండేళ్లుగా ఏడుస్తున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు నిజంగా పిలవలేదా?"

"లేదమ్మా."

"తిట్టారా?"

"తిట్టానమ్మా."

"అయినా ఆపాడు. దీంట్లో మళ్లీ తగ్గించిందీ పెంచిందీ ఏం లేదు కదా?"

"ఏం లేదు" అన్నాడు బావ.

"అయితే చాలు" అందావిడ. "రేపు ఆయన పనికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి ఏడవను."